డ్రిల్లు మాస్టారి ఆయాసం

“కండలకేం తక్కువ లేదు. లోపల గుండెకాయే కోడిపిల్లది,” అన్నాడు లెక్కల మాస్టారు, ఆస్పత్రి మెట్ల మధ్యలో ఆగి.

ఆగింది వెనకబడ్డ డ్రిల్లు మాస్టారి కోసమట. ఆ కుర్రాడు ఛాతీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతూ వస్తున్నాడు. నాలుగు రోజులుగా గుండెల్లో బరువుగా ఉందట, ఊపిరి ఆడటం లేదట. పిల్లల్ని మైదానం చుట్టూ పరిగెత్తించేవాడికి ఆయాసమేమిటని లెక్కల మాస్టారికి పొద్దుటి నుంచీ ఒకటే నవ్వు.

పరాయి దేశంలో ఇద్దరిదీ ఒకే బడి. లెక్కల మాస్టారు వచ్చి ఏళ్లయింది, ఇక్కడి భాష గడగడా మాట్లాడతాడు. డ్రిల్లు మాస్టారు మొన్న మొన్న దిగాడు. ఈలతో బండి లాగిస్తున్నాడు గానీ భాష ముక్క రాదు. ఈల ఊదడానికి కూడా సముద్రాలు దాటించి మనిషిని తెప్పించుకున్న బడి లోకంలో ఇదొక్కటేనని లెక్కల మాస్టారు అతని మొహం మీదే అంటుంటాడు. అతను ఇకిలిస్తాడు. సిగ్గూ ఎగ్గూ లేని జన్మ!

అసలు డాక్టర్ల జాతంటేనే ఆయనకు పడదు. వాళ్ల గుమ్మం తొక్కితే లేని రోగం పుట్టుకొస్తుందంటాడు. భార్య మోకాళ్ల నొప్పులతో ఈ డాక్టరు చుట్టూనే తిరుగుతుంటే ఏనాడూ తోడు రాలేదు. ఇవాళ మాత్రం ఆవిడ ప్రాణం తోడేసింది. ఊరు కాని ఊళ్లో నా అన్నవాళ్లు లేని పిల్లాడు, జబ్బు ముదిరిందంటే బడివాళ్లు విమానం ఎక్కించేస్తారు, మీరు వెళ్లి డాక్టరుతో నాలుగు మాటలు మాట్లాడండని పోరు పెట్టింది. ఆదివారం ఆదివారం వచ్చి భోంచేసి, ఆవిడను అక్కయ్యగారూ అంటూ మంచి చేసుకున్నందుకు పట్టిన శని ఇది. పట్టింది మాత్రం ఈయనకు.

డాక్టరు నవ్వు మొహం ఎరగని మనిషి. రోగి వైపు ఒకసారి చూశాడంతే, ఆ తర్వాత ప్రశ్నలన్నీ లెక్కల మాస్టారి మొహంలోకి చూస్తూనే అడిగాడు. భాష వచ్చినవాడికే విలువని మాస్టారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అన్న ప్రశ్నను ఆయన కుర్రాడిదాకా పోనివ్వలేదు. మెట్లెక్కితే ఎవడికి రాదు, నాకూ వస్తుంది, అదీ ఒక ప్రశ్నేనా అని డాక్టరుకే ఎదురు చెప్పాడు. ఎడమ చెయ్యి లాగుతుందా అంటే, జవాబు పత్రాల సంచీ మోసుకు తిరిగేవాళ్లందరికీ లాగుతుందన్నాడు. డాక్టరు అన్నీ రాసుకున్నాడు. ఏమంటున్నారు సార్ అని కుర్రాడు గొణిగితే, నీకు తెలిసి ఉద్ధరించేదేముంది, నోరు మూసుకు కూర్చోమన్నాడు.

బీపీ చూసే పట్టీ బయటికి తీయగానే డ్రిల్లు మాస్టారు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

“నాకు భయం సార్. ముందు మీరు పెట్టించుకోండి. మిమ్మల్ని చూసి నేను పెట్టించుకుంటాను.”

లెక్కల మాస్టారికి ఒళ్లు మండిపోయింది. ఒకటో తరగతి పిల్లలు వీడికంటే నయం. ఈ మాత్రానికి మీసమొకటి. తిట్టుకుంటూనే చొక్కా చెయ్యి మడిచి, ఇదిగో చూసి ఏడవమంటూ పట్టీ కట్టించుకున్నాడు. తర్వాత నర్సు సూది తెచ్చింది. కుర్రాడు కళ్లు తిరుగుతున్నట్టు బల్ల పట్టుకున్నాడు. చేసేది లేక మాస్టారే ముందు రక్తం ఇచ్చాడు. ఛాతీకి తీగలు అంటించే పరీక్షా అంతే. ఆయన చొక్కా విప్పి మంచమెక్కి, శవంలా పడుకోవడమేరా, ఇంతకన్నా విద్య లేదని చూపించాక గానీ ఆ పిరికి సన్నాసి పడుకోలేదు.

యంత్రం రెండు కాగితాలు కక్కింది. డాక్టరు వాటిని పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

“మంచి గుండె ఎలా ఉంటుందో పోల్చుకుంటున్నాడు పాపం,” అన్నాడు లెక్కల మాస్టారు.

డాక్టరు కళ్లజోడు తీసి, మాస్టారి వైపు తిరిగి నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యలో మాస్టారు ఒకటి రెండు ప్రశ్నలు వేసి, పెదవి విరిచి కుర్రాడి వైపు తిరిగాడు. “గుండెకి పోయే నాళం మూసుకుపోతోందట. ఇంటికి పంపను, ఈ పూటే చేర్చుకుని ఆపరేషను చేసెయ్యాలంటున్నాడు.”

డ్రిల్లు మాస్టారి కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. చటుక్కున మాస్టారి చెయ్యి పట్టుకున్నాడు.

“ఏడుపొకటా! వదులు,” అని విదిలించుకున్నాడు లెక్కల మాస్టారు. “టైముకి వచ్చావు, బతుకుతావటలే. ఆ ఈల ఎవడికి అప్పజెప్పాలో చూసుకో. ముందు మీవాళ్లకి ఫోను చెయ్యి.”

నర్సు చక్రాల కుర్చీ తెచ్చి ఆయన పక్కన ఆపింది. దానికి కూడా మనిషిని నేనే చూపించాలా అని విసుక్కుంటూ కుర్చీని కాలితో కుర్రాడి వైపు తోశాడు. భుజం రుద్దుకుంటూ గోడకు జారగిలబడ్డాడు. ఇక వీడు అమ్మకు ఫోను చేసి భోరుమంటాడు, అది కూడా వినాలి కాబోలని మొహం అటు తిప్పుకున్నాడు.

డ్రిల్లు మాస్టారు కళ్లు తుడుచుకుని, ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“అక్కయ్యగారూ, మాస్టారి బట్టలు సర్దుకుని వెంటనే వచ్చేయండి.”