కోటమ్మ ఎంచుకున్న పాము

ఎలుకలకు ఏ మందూ పనిచేయకుండా పోయాక, తెనాలిలో ఇంటికో పామును తెచ్చి పెంచుకోసాగారు. హైమావతి ఇంట్లో మాత్రం లేదు. అత్తగారు కోటమ్మకు పామంటే హడల్. ఆవిడ ఆక్సిజన్ మిషన్ గొట్టాన్ని ఎలుకలు రెండోసారి కొరికాక, హైమావతి ఉద్యోగానికి సెలవు పెట్టి కాపలా కూర్చుంది. చివరికి కోటమ్మే చిన్న సిలిండర్ భుజాన తగిలించుకుని, "పద, చూసొద్దాం" అంది.

పాముల కొట్టులో ఆవిడ కళ్ళు పసుపుపచ్చ కొండచిలువ మీద పడ్డాయి. "తెచ్చుకుంటే ఇట్టాంటి అందమైనదే తెచ్చుకోవాలి."

"మొదటిసారి పెంచేవాళ్ళకి అది వద్దు పెద్దమ్మా. పెరిగితే మీ మంచం కూడా దానికి చాలదు," అంటూ కొట్టు నడిపే ఖాసింబీ మట్టిరంగు జెర్రిపోతును బయటికి తీసింది. "దీనికి విషం లేదు. ఇక్కడే పుట్టింది, మనుషులు అలవాటే. ముందు పట్టుకు చూడండి."

హైమావతి చెయ్యి చాచబోయింది. కోటమ్మ ఆమెను పక్కకు జరిపింది. "ఇంట్లో దాంతో ఉండేది నేను గదా!"

పాము ఆవిడ ముంజేతికి చుట్టుకుని, గాజుల మధ్య తల పెట్టి కదలకుండా ఉండిపోయింది. బిగబట్టిన ఊపిరిని కోటమ్మ మెల్లగా వదిలింది.

"చల్లగా ఉందే పిల్లా! ఇదే తీసుకుందాం."

ఆ వారంలోనే అది గొట్టం పక్కన ఎలుకను పట్టింది. మర్నాడు పొద్దున కోటమ్మ కోడలి చేతికి క్యారేజీ అందించింది.

"ఇంక నువ్వు డ్యూటీకి పో. మేమిద్దరం ఉన్నాంగా."