బ్యాడ్జీ చూసి

ఈవన్ అర్జీని వెనక్కి తోసేశాడు.

"నీ చొక్కాకు స్కాట్లాండ్ స్వాతంత్ర్యం బ్యాడ్జీ ఉంది. పనివాళ్ల వైపు నిలబడవా?" ఫుర్కాన్ మండిపడ్డాడు.

"విడిపోతే ఇక్కడి వ్యాపారాలకు పన్నులు తగ్గుతాయి. నాకు కావలసింది అది, మీ కార్మిక యూనియన్ కాదు," అంటూ ఆ సూపర్‌వైజర్ గోదాములోకి వెళ్లిపోయాడు.

నడుం పట్టేసి అయిదంటే అయిదు నిమిషాలు కూర్చున్నందుకు శ్యామసుందరి ఉద్యోగం ఊడింది. ఒక్క సూపర్‌వైజరైనా ఆమె తరఫున సంతకం పెడితే మళ్లీ తీసుకుంటారు. గడువు ఈ సాయంత్రమే.

"ఆ రెండో సూపర్‌వైజర్ మోరాగ్‌ని అడుగు ఫుర్కాన్ భాయ్," అంది గేటు బయట నిలబడ్డ శ్యామసుందరి.

"ఆమెనా? స్కాట్లాండ్ విడిపోవద్దంటది. అసొంటోళ్లు సంతకం పెడ్తరా? మా సిద్దిపేటల జై తెలంగాణ అన్నోళ్లే బీడీ కార్మికుల దిక్కు నిలవడ్డరు."

"అందరూనా?"

తెలంగాణ ఉద్యమంలో తన పక్కనే జెండా పట్టుకున్న బీడీ కంపెనీ సేటు గుర్తుకొచ్చాడు ఫుర్కాన్‌కు. రాష్ట్రం వచ్చాక కూలి పెంచమంటే గేటుకు తాళం వేసింది ఆ సేటే.

"నేను గుంటూరులో సమైక్యాంధ్ర ర్యాలీలో నడిచినదాన్ని. మరి నా అర్జీ పట్టుకుని నువ్వెందుకు తిరుగుతున్నావయ్యా?"

ఫుర్కాన్ విసురుగా మోరాగ్ కూర్చున్న బెంచీ దగ్గరికి నడిచాడు. ఆమె చదివి వెంటనే సంతకం పెట్టింది.

"గ్లాస్గోలో మా నాన్న సమ్మె చేస్తే ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవు కార్మికులు మద్దతుగా పని ఆపేశారు. వాళ్లను పరాయివాళ్లను చేసుకోలేను, అంతే. పొద్దున్నుంచీ నా ముందే తిరుగుతున్నావు. నన్నెందుకు అడగలేదు?"