మైకు లొల్లి

ల్యాప్‌టాప్ మళ్లీ మొండికేసింది.

"ఏందిరా బాబూ నీ తక్లీఫ్!" అంటూ విజయేందర్ దాని నెత్తిన ఒక్కటి వేసినంత పని చేశాడు.

పాపం, అతని తొందర అతనిది. రేపు బాపు సంవత్సరీకం. అల్వాల్ నుంచి అక్క సుకన్య వస్తుంది. బాపు పోయినప్పటి నుంచి ఆమెది ఒకటే మాట: "తమ్మీ, బాపు గొంతు ఒక్కపారి వినిపియ్యిరా."

బాపు భద్రయ్య బతికినంత కాలం టేప్‌రికార్డర్లు బాగుచేశాడు. ఊరందరి గొంతులూ ఆయన చేతుల మీదుగా వెళ్లాయి. ఆయన గొంతు మాత్రం ఒక్క క్యాసెట్‌లోనే మిగిలింది.

అదైనా సరిగ్గా ఉందా? సికింద్రాబాద్ స్టేషన్‌లో రికార్డు చేసిన క్యాసెట్ అది. బాపు నోరు తెరిచిన ప్రతిసారీ మైకులో ఒకావిడ రైళ్ల పేర్లు చదువుతూనే ఉంటుంది!

కలిసిపోయిన గొంతులను విడదీసే ప్రోగ్రాం ఒకటి విజయేందర్‌కు దొరికింది. క్యాసెట్‌ను లైనక్స్ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. అంత పని చేయాలంటే గ్రాఫిక్స్ కార్డు బలం కావాలి. కార్డైతే ఉంది. దాన్ని లేపి పనిలో పెట్టే డ్రైవరే పడటం లేదు.

డ్రైవర్ వేయడం, రీస్టార్ట్ చేయడం, కార్డు కనబడలేదని చదువుకోవడం. పొద్దుటి నుంచి ఇదే భాగోతం.

మధ్యమధ్యలో ఆశ చావక ఆ రికార్డింగ్ పెట్టుకుని వింటున్నాడు.

"బాబూ..."

గుమ్మంలో ఓ ముసలావిడ. పూల గౌను, మెడ చుట్టూ స్కార్ఫు. వెనక గదిలో ఉండే మేబెల్. స్టేషన్ దగ్గరి రెజిమెంటల్ బజార్‌లోని ఈ ఇంట్లో తాను అద్దెకు దిగి నెలైనా, విజయేందర్ ఆమెను పలకరించింది లేదు.

"నా చప్పుడుతోని పరేషాన్ అవుతున్నరా ఆంటీ?"

కాదన్నట్టు ఆమె తల ఊపింది. నోరు తెరిస్తే మాట కంటే గాలే ఎక్కువ వచ్చింది.

"ఆ రికార్డింగ్... ఒక్కసారి మొత్తం పెడ్తావా?"

"గిప్పుడా? రీస్టార్ట్ చేస్తున్న ఆంటీ. అయినా అందుల వినేటందుకు ఏమున్నది? ఆ మైకు లొల్లి తీసేద్దామనే ఈ తిప్పలన్నీ. మా బాపు మాట వినబడ్తలేదు."

మేబెల్ మెడ చుట్టూ స్కార్ఫు సర్దుకుంది.

"డాడీ ఉన్నారా?"

"లేడు ఆంటీ. రేపటికి యాడాది."

"అయితే తీసెయ్ బాబూ" అంది. "మైకుదేముంది? డాడీ మాటే ముఖ్యం."

వీధిలో ఆటో హారన్ కొట్టింది. ఆమె గోడ పట్టుకుని ఇంకాస్త నిలబడింది. హారన్ మళ్లీ మోగాక వెళ్లలేక వెళ్లింది.

విజయేందర్ హమ్మయ్య అనుకున్నాడు. ముసలివాళ్లకు పొద్దుపోకపోతే మన ప్రాణాలు తోడేస్తారని కూడా అనుకున్నాడు, దాచడమెందుకు!

ల్యాప్‌టాప్ మీద నీలం తెర వచ్చింది. రీస్టార్ట్ చేసినప్పుడల్లా వచ్చేదే. అలవాటు కొద్దీ పై వరుస నొక్కి దాటేస్తున్నాడు. ఈసారి మాత్రం నింపాదిగా చదివాడు.

ఓరి నీ! బయటి నుంచి వచ్చిన డ్రైవర్‌ను లోపలికి రానివ్వమంటావా అని అది ప్రతిసారీ అడుగుతూనే ఉంది. ఇతగాడే వినకుండా పంపేస్తున్నాడు.

రానిమ్మన్నాడు. కార్డు లేచింది. ఫ్యాన్ రివ్వుమంది.

కాసేపటికి రెండు గొంతులూ రెండు ఫైళ్లయ్యాయి. మైకు గొంతును చెత్తబుట్టలో పడేసి, బాపు గొంతు పెట్టాడు.

"కొడుకా, నువ్వు గీ స్టేషన్ల తప్పిపోయిన దినం యాదికున్నదా? గా మైకమ్మ డ్యూటీ అయిపోయినా ఇంటికి పోలే. నిన్ను ఒళ్లె కూసోబెట్టుకొని, నేను ఉరికొచ్చేదాంక నీ పేరు పిలుస్తనే ఉన్నది. అందుకే ఆమె గొంతు రికార్డు చేస్తున్న. నా మాటలదేమున్నది, రోజూ ఇనేటియే. గీ గొంతు మాత్రం పైలంగ దాచిపెట్టుకో."

విజయేందర్‌కు ఏడుపు ముంచుకొచ్చింది. దాచిపెట్టుకోమన్నదాన్నే చెత్తలో పడేశాడు!

గబగబా ఆ ఫైలును వెనక్కి తీసి పెట్టాడు. నిండైన ఆడగొంతు గదంతా పరుచుకుంది. చిన్ననాటి సికింద్రాబాద్ లేచి వచ్చింది. కూలీల కేకలు, బొగ్గు వాసన, జనంలోంచి ఉరికొస్తున్న బాపు, ఎవరిదో మెత్తని ఒడి. ఆమె ముఖం ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు.

ఆమె ఎక్కడున్నా వెతికి పట్టుకోవాలి, కాళ్లకు దండం పెట్టాలి అనుకున్నాడు.

ఈలోగా ఈ సంబరం ఎవరికైనా చెప్పుకోవాలి. ఇందాక మేబెల్ ఆంటీ అంత అడిగింది కదా, పాపం! బయటికి వచ్చాడు. ఇంటి ఓనరు కాంతమణి వెనక గది కడుగుతోంది.

"అక్కా, మేబెల్ ఆంటీని జెర పిలువు. టేపు వినిపిస్తా."

"ఇంకెక్కడి మేబెలమ్మ! ఇందాకనే ఆటో ఎక్కి పోయింది. గది ఖాళీ చేసింది. ఇగ చెల్లె దగ్గరనే ఉంటదట."

"ఏ ఊరు?"

"ఏమో తమ్మీ, రెండుసార్లు చెప్పింది గని నాకు సమజ్ కాలే. గొంతుకు ఆపరేషన్ అయినకాంచి ఆమె మాట గంతే."

"గా పాత టేపు ఆమెకెందుకో మరి..."

కాంతమణి చీపురు ఆపి అతని ముఖంలోకి చూసింది.

"నీకు తెల్వదా? మన స్టేషన్ మైకుల ఇన్నేండ్లు బండ్ల పేర్లు చెప్పింది ఆమెనే గద!"