మలుపులో పలక

హార్ట్‌మన్ తన చావు కబురు తానే చదువుకున్నాడు. నమ్మకం కుదరక రెండోసారి పైకే చదివాడు.

“బ్రేకు వేయని హార్ట్‌మన్ ఈ మలుపులో లోయపాలయ్యాడు. దారినపోయే అన్నల్లారా, అక్కల్లారా, అతని ఆత్మకోసం ఒక్క ప్రార్థన చేసి కదలండి.”

పేరొక్కటే అయితే ఇంకెవరో అనుకోవచ్చు. బొమ్మ కూడా ఉంది. ద్రాక్షతోట అంచు నుంచి సైకిలు ఒకవైపు, మనిషి ఒకవైపు గాల్లోకి లేచారు. అడుగున కాల్టర్న్ సరస్సు నీలంగా కాచుకుని ఉంది. తలకిందులుగా ఉన్నా ఆ మీసం హార్ట్‌మన్‌దే. అంత మీసం ఆ కొండకు ఈవైపున రెండోది లేదు.

అక్కడ దారిలో ఎవరైనా ప్రమాదంలో పోతే, పోయిన చోటే ఇలా బొమ్మ గీసిన పలక నాటడం తాతలనాటి అలవాటు. అందులో వింత లేదు. వింతల్లా కింద వేసిన తారీఖు. అక్టోబరు పన్నెండు. అంటే ఇవాళ. వేలు పెట్టి చూశాడు. తెల్లగా అంటుకుంది. రంగు ఇంకా ఆరనైనా లేదు.

హార్ట్‌మన్ ఆ వేలును చొక్కాకు గట్టిగా తుడుచుకున్నాడు.

రోజూ పొద్దున ఎనిమిదింటికి పై తోట దగ్గర సైకిలెక్కితే సరస్సు ఒడ్డు దాకా అతను బ్రేకు ముట్టడు. “కంకర బాట. మోటారు బండిని రానివ్వరు. ఎదురొచ్చేదే లేనప్పుడు బ్రేకు దేనికి?” అంటాడు. “లోయ ఎదురొస్తుంది” అని భార్య నోట్‌బుర్గా ఎన్నిసార్లు మొత్తుకున్నా చెవిన పెట్టలేదు. ద్రాక్ష కోసేవాళ్ళకు ముందు అతను కనిపించి, తర్వాతెప్పుడో చప్పుడు వినిపించేదట. కొంచెం తగ్గించుకుని నమ్మినా ఫరవాలేదు.

ఇవాళ మలుపుకు పైన ద్రాక్ష పందిరి మేకు గుచ్చుకుని వెనక టైరు తుస్సుమంది. బ్రేకు సంగతి గుర్తురాక, రెండు కాళ్ళూ నేలకేసి రాసి ఆపాడు. ఆగింది సరిగ్గా పలక ముందు.

కింది నుంచి ముసలి వాల్‌బుర్గా బుట్ట పట్టుకుని ఎక్కి వచ్చింది. పలక ముందు ఆగి, కళ్ళు మూసుకుని ప్రార్థన ముగించి, అప్పుడు అతనివంక చూసింది.

“ఇంకా ఉన్నావా నాయనా?”

“అవ్వా, నేను బతికే ఉన్నాను. కనిపించడం లేదా?”

“కనిపిస్తున్నావులే. మన జాగ్రత్తలో మనం ఉండాలిగా. నా వంతు నేను మొక్కేశాను.” బుట్టలోంచి ఒక ద్రాక్ష గుత్తి తీసి అతని చేతిలో పెట్టింది. “తిను. ఎవరికి ఎంత రాసిపెట్టి ఉందో.”

హార్ట్‌మన్ ఆ గుత్తిని తినకుండా సైకిలు హ్యాండిలుకు తగిలించాడు. సైకిలు తోసుకుంటూ నడిచాడు. కొండవైపు గోడను ఒంటిచేత్తో తడుముకుంటూ, పళ్ళ బండి వస్తే తోటలోకి తప్పుకుంటూ, చివరికి నత్త అడ్డొస్తే దానికీ దారిచ్చి నడిచాడు. ఇవాళ గడవాలి. రాత్రి పన్నెండు దాకా ఎలాగో ప్రాణం నిలిస్తే చాలు.

ఊళ్ళో పలకలు చెక్కేది ఒక్కడే, నోట్‌బుర్గా తమ్ముడు సెరాఫిన్. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళేసరికి ఉలి పదును పెట్టుకుంటున్నాడు.

“ఏరా, నన్ను చంపేశావేంరా?”

సెరాఫిన్ తలెత్తాడు. “చూశావా బావా? మెడ కొంచెం పొట్టిగా వచ్చింది, ఏమనుకోకు. మీసానికే చోటంతా పోయింది.”

“వేళాకోళం తర్వాత. ఇవాళ్టి తారీఖు ఎందుకు వేశావు? నీకేం తెలుసు?”

“తారీఖు నేను వేయలేదు. అక్కడ ఖాళీ వదిలేయమన్నారు, వదిలేశాను.”

“ఎవరు?”

“పలక చేయించినవాళ్ళు. కూలి కింద పన్నెండు సీసాల ద్రాక్షసారా ఇచ్చారు.” సెరాఫిన్ మూలకు చూపించాడు. “నీ నేలమాళిగ సరుకే బావా. మంచి ఏడాదిది.”

ఆ నేలమాళిగ తాళంచెవి రెండు చేతుల్లోనే ఉంటుంది. ఒకటి హార్ట్‌మన్‌ది.

ఇంటికి వచ్చేసరికి నోట్‌బుర్గా వంటింట్లో రొట్టెముక్కలు పిసికి ఉండలు కడుతోంది. అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు. చెమటకు మీసం రెండువైపులా వాలిపోయి ఉంది.

“ఇంత ఆలస్యమైందేం?” అంది వెనక్కి తిరక్కుండా.

“నడిచొచ్చాను.”

ఆమె చేతిలో ఉండ ఆగిపోయింది. “నడిచా? నువ్వా?”

“ఏ డాక్టరైనా నాతో చెప్పని మాట నీతో చెప్పాడా? కలగన్నావా? ఉన్నదున్నట్టు చెప్పు బుర్గా, తట్టుకుంటాను. ఇవాళే నేను పోతానని నీకెవరు చెప్పారు?”

నోట్‌బుర్గా కుర్చీ లాక్కుని కూలబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నవ్వూ వచ్చింది. “పలక దగ్గర ఆగావా? ఎలా ఆగావు?”

“టైరు పోయింది. ముందు నా మాటకు జవాబు చెప్పు.”

ఆమె పిండి చేతులు తుడుచుకుని, నడుముకు కట్టుకున్న వంట గుడ్డ జేబులోంచి గోరంత సుద్దముక్క తీసి బల్లమీద పెట్టింది.

“ఎవరూ చెప్పలేదయ్యా. ఆ పలక నాటి నలభై రోజులైంది, రోజూ పొద్దున్నే వెళ్ళి తారీఖు మార్చి వస్తున్నాను.”