కోళ్లు కెలికిన మడి

"అత్తా, ఒకసారి ఈడికి వచ్చి చూడు."

కోమల గొంతులో కోపం కన్నా ఏడుపే ఎక్కువగా ఉంది. నిన్న సాయంత్రం నడుము పడిపోయేలా వంగి నాటిన టమేటా నారంతా మడిలో చెల్లాచెదురుగా పడి ఉంది. వేళ్లు పైకి తేలాయి, ఆకులు వాడిపోయాయి, మన్ను నిండా గీతలే. ఇలా జరగడం ఇది మొదటిసారి కూడా కాదు.

అత్త మునివెంకటమ్మ పేడ చేతులతోనే వచ్చి గట్టు మీద నిలబడింది. చూసి, చూపు పక్కకు తిప్పుకుంది.

"కోళ్లేనమ్మా. ఇది మడి, ఇది పేడతిప్ప అని వాటికేం తెలుసు?"

ఈ మాట వినీ వినీ కోమలకు విసుగెత్తిపోయింది. గురుబరపల్లి పక్కన వాళ్లకున్నది చిన్న తోట. మామిడి చెట్లు పోగా మిగిలిన జాగాలో కూరగాయలు పెట్టేది ఆమె. పెరట్లో తిరిగే నాటుకోళ్లు అత్తవి. మామిడి పిందె పట్టింది, కానుగలు చిగిర్చాయి, చుట్టుపక్కల తోటల్లో టమేటా మోకాలెత్తు లేచింది. తన మడి ఒక్కటే బోడిగా ఉంది.

ఆమె చేతులు ముడుచుకుని కూర్చోనూ లేదు. మడి చుట్టూ పాత చీరలు కట్టింది. ముళ్లకంప వేసింది. పొద్దుగూకగానే కోళ్లను గంపల కింద మూసి, పైన రాళ్లు పెట్టింది. తెల్లారి చూస్తే గంపలు తెరిచి ఉన్నాయి, మడి కెలికి ఉంది. ఎవరు తీశారని అడిగితే, అవి ఒకటే గోల చేస్తుంటే తానే వదిలేశానంది అత్త. పళ్లు నూరుకోవడం తప్ప కోమల ఏం చేయగలదు?

ఆ సాయంత్రం మునిరాజు హోసూరులో డ్యూటీ దిగి ఇంటికి రాగానే, కోమల మొగుడి ముందు విషయం తేల్చేసింది. ఉంటే తన తోటైనా ఉండాలి, లేదా ఆ కోళ్లైనా ఉండాలి, రెండూ ఒక్క చోట కుదరవంది. అరుగు మీద కూర్చున్న అత్తకు వినపడాలనే అంది. మునిరాజు తల గోక్కున్నాడు. అమ్మకు ఆ కోళ్లంటే ప్రాణమనీ, మంచి కంచె వేయిద్దామనీ ఏదో నసిగాడు.

"అమ్మేయప్పా," అంది మునివెంకటమ్మ అరుగు మీద నుంచే. "ఆ పిల్ల కష్టమంతా మన్నుపాలు అవతా ఉంది."

అంత సులువుగా ఒప్పుకుంటుందని కోమల అనుకోలేదు. మంచం మీదున్న మామ గుర్రప్ప మాత్రం ఎవరి గొడవా పట్టనట్టు గడ్డిపరక చీల్చుకుంటూ కూర్చున్నాడు. ఈమధ్య ఆయన మాటలు తగ్గించేశాడు. వయసు మీద పడింది కదా అని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు కోళ్ల వ్యాపారి బండి మీద వచ్చాడు. మునివెంకటమ్మ తానే ఒక్కొక్కదాన్ని పట్టి, కాళ్లు కట్టి అందించింది. ఎర్రపెట్ట ఒకటి చేతికి చిక్కకుండా పెరడంతా తిప్పింది. చివరికి ఆమె అలసిపోయి కూలబడితే, అదే నడుచుకుంటూ వచ్చి ఒళ్లో దూరింది. కోమలకు మనసు చివుక్కుమంది. దాన్నొక్కదాన్ని ఉంచమందామని నోటిదాకా వచ్చింది. బోడి మడి కళ్లబడి, మాట మింగేసింది.

ఆ సాయంత్రమే కొత్త నారు తెచ్చి నాటింది. నీళ్లు పోసింది. చాన్నాళ్లకు హాయిగా నిద్రపోయింది.

తెల్లారి చూస్తే మళ్లీ అదే మడి. అవే గీతలు.

పక్క తోట వరమ్మ కోళ్లేమోనంది అత్త, మెల్లగా. అంతే, కోమల కొంగు దోపుకుని వరమ్మ వాకిట్లోకి పోయి నోటికొచ్చినట్టు అరిచింది. వరమ్మ అంతా విని, తమ కోళ్లు తెగులొచ్చి చచ్చి నెల దాటిందనీ, కావాలంటే ఖాళీ గూడు చూసుకొమ్మనీ చెప్పింది. కోమలకు తల కొట్టేసినట్టయింది. సిగ్గు ఒక పక్క, ఉక్రోషం ఒక పక్క. అది కోడైనా సరే, మనిషైనా సరే, ఈసారి వదిలేది లేదనుకుంది.

మళ్లీ నాటింది. తూరుపు తెల్లబడుతుండగానే లేచి, గడ్డివామి వెనక కర్ర పట్టుకుని కాచుకుంది.

మడిలో కోళ్లేవీ లేవు. మామ గుర్రప్ప గొంతుక్కూర్చుని, ఏ తొందరా లేకుండా, వరుస తప్పకుండా నారు పీకుతున్నాడు. పీకిన ప్రతి మొక్కకూ మన్ను దులిపి పక్కన పడేస్తున్నాడు. ఆయన వెనకే మునివెంకటమ్మ వంగి నడుస్తూ, వేళ్లు వంచి, కోడి గోళ్లతో గీకినట్టు మన్ను గీకుతోంది.

కోమల చేతిలో కర్ర జారిపోయింది. ఆ చప్పుడుకు గుర్రప్ప తలెత్తి నవ్వాడు.

"కలుపు బలే పెరిగిపోయిందమ్మా," అన్నాడు. "నువ్వెవురు? కూలికి వచ్చినావా? ఆ సాలు పట్టు."

కోమల అత్త వైపు తిరిగింది. ఇదెన్నాళ్లుగా జరుగుతోందని అడిగింది. తనకొక్క మాట ఎందుకు చెప్పలేదనీ, పాపం ఆ కోళ్లేం చేశాయనీ అడిగింది.

మునివెంకటమ్మ మట్టి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"కోళ్లంటే, కోళ్లను పంపేసినాము కోమలా. ఈయనే అని చెప్పుంటే, ఈయన్ని యాడికి పంపేది?"