హిమజ మొదటి యుద్ధం

ఈటె దిగగానే హిమజ కెవ్వుమంది. తెరమీద చచ్చింది ఆమె సైనికుడే అయినా, పోటు మాత్రం ముంజేతి పట్టీలోంచి ఆమెకే తగిలింది.

"యుద్ధం ఆటలన్నీ ఇప్పుడింతేనమ్మా. మనిషిని పోగొట్టుకుంటే నొప్పి తెలియాలని చట్టం పెట్టారు. కొత్తవాళ్లకి ఇదే తేలిక," అన్నాడు దుకాణదారు ఖలీల్.

వచ్చే నెల సైనిక కళాశాలలో చేరబోయే కూతురు హిమజకి మొదటి యుద్ధవ్యూహం ఆట కొనడానికి వచ్చింది శకుంతల.

హిమజ మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి తన పొలాల్లో పంట కోస్తున్న రైతుల్ని శత్రువు మీదికి తోలింది. కత్తులు వాళ్ల మెడలు నరుకుతుంటే, తన సైన్యాన్ని వెనకదారిన నడిపించి శత్రువు కోట తగలబెట్టింది.

"గెలిచానమ్మా! చీమ కుట్టినట్టు కూడా లేదు. ఈ పట్టీకి రైతులు లెక్కలోకి రారు!"

"అప్పుడే కనిపెట్టేశావే, గట్టిదానివే!" ఖలీల్ నవ్వాడు.

శకుంతల నవ్వలేదు. "రైతులు చచ్చినా నొప్పి పుట్టే ఆట ఉందా బాబూ?"

"ఉందమ్మా. కొత్తవాళ్లు తట్టుకోలేరు."

"అదే పెట్టు."

కొత్త ఆటలో శత్రువుల గుర్రాలు నేరుగా పొలాల్లోకి దూకాయి. మొదటి రైతు తల తెగిపడగానే హిమజ మెలికలు తిరిగిపోయింది.

"అమ్మా, పట్టీ తియ్యవే!"

శకుంతల ఆమె చేతిని పట్టుకుని మళ్లీ మీటల మీద పెట్టింది.

"ముందు ఆ రైతుల్ని కోటలోకి పిలవ్వే."