వెనకున్న స్తంభం

రోడ్డు భద్రతకూ, నాకు డ్రైవింగ్ నేర్పిన బాబాయికీ, ముఖ్యంగా ఏ పాపమూ ఎరగని ఒక ఇనుప స్తంభానికీ సవినయంగా క్షమాపణలు.

లైసెన్సు పరీక్షకని కారెక్కి, బెల్టు పెట్టుకుని పక్క సీటు వైపు చూశాను. పరీక్ష పెట్టే ఆఫీసరు, ఒకప్పుడు నేను ప్రేమించి, ఒక్క పోట్లాటతో వదిలేసి వెళ్ళిన అమ్మాయి.

“బండి తియ్యండి,” అంది, పరాయివాడితో అన్నట్టు.

మలుపులన్నీ శుభ్రంగా తిప్పాను. ఆవిడ కాలు తనవైపున్న రెండో బ్రేకు మీదే ఉంది.

“ఇప్పుడు రివర్స్. అద్దం చూసుకోండి. మీకు వెనక్కి చూసే అలవాటు లేదుగా!”

“ఆ రోజు చూసుంటే వెళ్ళలేకపోయేవాణ్ణి.”

“వెళ్ళమని ఎవరేడ్చారు?” అంది. “చాల్లే, ముందు బండి చూడు. పాసైతే మళ్ళీ నీ దారి నీది.”

ధన్‌మని స్తంభం మోగింది.

“ఫెయిల్,” అంది ఆవిడ, కిటికీలోంచి బయటికి చూస్తూ. “వచ్చే వారం రా. నేనే ఉంటా.”

కాలి కింద బ్రేకు పెట్టుకుని ఎందుకు తొక్కలేదో ఆవిణ్ణే అడగండి. నేను చేసిందల్లా ఒకటే: అద్దంలో స్తంభాన్ని చూస్తూనే వెళ్ళి గుద్దాను.